శాన్ ఆంటోనియో: ఊదా రంగు ఇల్లు, వంటింటి టేబుల్

టెక్సస్‌లోనే ఉన్న శాన్ ఆంటోనియో వెళ్తున్నామంటే డాలస్‌లో మిత్రులంతా రెండే పేర్లు చెప్పారు: పాత కోట ఆలమో, నది ఒడ్డున నడిచే రివర్‌వాక్. రెండూ చూశాం, బాగానే ఉన్నాయి. కానీ మేం 275 మైళ్ళు కారులో వెళ్ళింది సాండ్రా సిస్నెరోస్ కోసం. ఆవిడ చికానా కవయిత్రి, కథకురాలు. చికానా అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్ స్త్రీ. ఒకప్పుడు చిన్నచూపుతో అన్న మాటను వాళ్ళే గర్వంగా పెట్టుకున్నారు.

1984లో వచ్చిన ఆవిడ నవల ‘ద హౌస్ ఆన్ మాంగో స్ట్రీట్’ మా అమ్మాయికి ఎనిమిదో తరగతిలో పాఠం. తను చదివి పక్కన పెడితే నేను తీశాను, ఆ రాత్రే పూర్తి చేశాను. శనివారాలు నేను పిల్లలకు తెలుగు చెప్తాను. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడే పిల్ల మనసులో ఏముంటుందో ఆ చిన్న పుస్తకం చెప్పినంత బాగా నాకెవరూ చెప్పలేదు. అందుకే ఈసారి లాంగ్ వీకెండ్‌కి ఇదే అనుకున్నాం. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య కూడా బయల్దేరారు.

బస గురించి ముందే చెప్పేస్తాను. మొదటి రాత్రి నది ఒడ్డున పెద్ద హోటల్లో దిగాం. ఆన్‌లైన్‌లో రేటు తక్కువే కనిపించింది. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్ళాక పార్కింగ్‌కి రాత్రికి 48 డాలర్లు, దాని మీద ఇంకేదో ఫీజు. కింద సంగీతం ఒంటిగంట దాకా ఆగలేదు, అత్తయ్యకు నిద్ర లేదు. రెండో రాత్రి కింగ్ విలియం పేటలో పాతకాలపు ఇంట్లో నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి మారాం. కారు ఇంటి ముందే, అదనపు ఖర్చు లేదు. గుడ్డు తినరని ముందు రోజు చెబితే పొద్దున అత్తయ్యకు విడిగా చేసి పెట్టారు. మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. పెద్దవాళ్ళుంటే కింది గదే అడగండి.

సిస్నెరోస్ ఇల్లు ఉన్నది ఆ పేటలోనే. 19వ శతాబ్దంలో జర్మన్ వ్యాపారులు కట్టుకున్న ఇళ్ళు, పెద్ద పెద్ద చెట్లు, నడవడానికి హాయిగా ఉంటుంది. 1997లో ఆవిడ తన ఇంటికి ముదురు ఊదా రంగు వేయించారు. చారిత్రక ప్రాంతంలో ఆ రంగుకు ఆధారం లేదని నగర కమిషన్ అభ్యంతరం పెట్టింది. దానికి ఆవిడ జవాబు నాకెంతో నచ్చింది. డబ్బున్నవాళ్ళ ఇళ్ళకు రికార్డులు ఉంటాయి, మా వాళ్ళ ఇళ్ళ రంగుల్ని ఎవరు రాసిపెట్టారు, లేని కాగితం ఎక్కడి నుంచి తేవాలి అన్నారు. చివరికి టెక్సస్ ఎండకు రంగు వెలిసి, లేత ఊదాగా మారాక గొడవ సద్దుమణిగింది. ఇదంతా చెబితే అత్తయ్య, “ఇంటికి రంగేసుకోడానికి వీళ్ళ పర్మిషనేంటమ్మా! మన వీధిలో చిలకపచ్చ, గులాబీ, ఏ రంగు లేదూ?” అన్నారు.

ఆవిడ ఆ ఇల్లు అమ్మేసి మెక్సికోలోని శాన్ మిగెల్ దె అయెందేకి వెళ్ళిపోయారు. ఇప్పుడది వేరేవాళ్ళ కాపురం, ఊదా కోసం వెతక్కండి. రోడ్డు మీద నుంచి ఒకసారి చూసి వచ్చేయాలి. గైడ్లన్నీ అక్కడికే పంపిస్తాయి గానీ, నన్నడిగితే అరగంట చాలు.

అసలు చూడాల్సింది మెక్సికన్ మూలాలవాళ్ళు ఎక్కువగా ఉండే వెస్ట్‌సైడ్‌లో ఉంది. గ్వాడలూపే వీధిలో గ్వాడలూపే కల్చరల్ ఆర్ట్స్ సెంటర్. గోడకు ఆనుకుని 40 అడుగుల కొవ్వొత్తి, దాని మీద మెక్సికన్లు కొలిచే మేరీమాత, గ్వాడలూపే మాత. దూరం నుంచి పెయింటింగ్ అనుకున్నాం. దగ్గరికి వెళ్తే అంతా పింగాణీ పెంకులే. నీలం పక్కన నీలం పెట్టినా ఏ రెండు ముక్కలూ ఒక ఛాయ కాదు. మా అమ్మాయి అంచుల మీద వేలు పెట్టి చూసింది, ఎండకు వేడెక్కి ఉన్నాయి. దీన్ని చేసిన జెస్సీ త్రెవీన్యో వియత్నాం యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకుని, ఎడమ చేత్తో బొమ్మలు వేయడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్న మనిషి. అత్తయ్య చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

సిస్నెరోస్ 1984లో షికాగో నుంచి ఈ ఊరికి వచ్చింది ఈ సెంటర్లో సాహిత్య విభాగం నడిపే ఉద్యోగానికే. అప్పటికే షికాగోలో, చదువు మధ్యలో ఆపేసిన పిల్లల కోసం నడిపే బడిలో టీచరుగా చేశారు. ఇక్కడ చిన్న ప్రచురణకర్తల కోసం పుస్తకాల పండగ మొదలుపెట్టారు. అదెందుకో అర్థమవుతుంది. ఆవిడ మొదటి కవితల పుస్తకాన్ని 1980లో అచ్చేసింది కాలిఫోర్నియాలో ఇంకో చికానా కవయిత్రి లోర్నా డీ సెర్వాంటెస్ నడిపిన చిన్న ప్రెస్సే. ఒకరు తనకు చేసింది, తను పదిమందికి చేయాలనుకున్నారు.

ఉద్యోగం వదిలాక ఇదే ఊళ్ళో సొంతంగా రచనా తరగతులు పెట్టాలని సూపర్ మార్కెట్లలో, బట్టలుతికే లాండ్రోమాట్లలో కరపత్రాలు పంచారు. తగినంతమంది రాలేదు. కుంగిపోయి, బతుకుతెరువు కోసం కాలిఫోర్నియాలో కాలేజీ పాఠాలకు వెళ్ళారు. తర్వాత తిరిగొచ్చి, 1995లో తన వంటింటి టేబుల్ చుట్టూ కొద్దిమంది రచయితల్ని కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టారు. అదే మకోందో వర్క్‌షాప్. మకోందో అన్నది కొలంబియా రచయిత గార్సియా మార్క్వెజ్ నవలలో ఊరి పేరు. రాయడంతో పాటు తమ జనం కోసం పనిచేసేవాళ్ళనే పిలిచారు. 2000లో తండ్రి అల్ఫ్రెడో పేరిట ఫౌండేషన్ పెట్టి టెక్సస్ రచయితలకు డబ్బు సాయం చేశారు. ఆయన సోఫాలకు, కుర్చీలకు గుడ్డ వేసే పనివాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

సెంటర్‌కి వెళ్ళే ముందు కార్యక్రమాల పట్టిక చూసుకోండి. ఏమీ లేని రోజు బయటి నుంచి చూసి రావడమే అవుతుంది. సిటీ బస్సు టికెట్ చవకే, కానీ వారాంతంలో చాలాసేపు ఆగాలి. మేం కారులోనే వెళ్ళాం, పార్కింగ్ వీధిలోనే దొరికింది.

తిండి సంగతి. మార్కెట్ స్క్వేర్‌లో 1941 నుంచి ఉన్న మీ తియెర్రాకి వెళ్ళాం. కాగితపు తోరణాలు, దీపాలు, పాటగాళ్ళు, లోపల పెళ్ళిపందిరిలా ఉంటుంది. శాకాహారులు రెండు మాటలు అడగాలి. ఈ ఊళ్ళో బీన్స్‌లో చాలాచోట్ల మాంతెకా, అంటే పంది కొవ్వు వేస్తారు. టమాటా వేసిన ఎర్రన్నాన్ని తరచూ కోడి పులుసులో వండుతారు. మాంసం లేదంటే చాలదు, ఇవి విడిగా అడగాల్సిందే. అత్తయ్యకు వేడి మొక్కజొన్న రొట్టెలు, తోర్తియాలు తెప్పించి, బ్యాగులోంచి కందిపొడి తీశాం. రెండూ అంత బాగా కుదురుతాయని అనుకోలేదు, నేనూ అదే తిన్నాను. బయటికొస్తూ బేకరీలో కొన్న కోంచా అనే తీపి బన్నులు మర్నాటి దాకా మెత్తగానే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో 50 మైళ్ళ దూరంలో శాన్ మార్కస్. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీ ఏడో అంతస్తులో రచయితల కాగితాలు దాచిపెట్టే విట్లిఫ్ కలెక్షన్స్ ఉంది, ప్రవేశం ఉచితం. సిస్నెరోస్ రాతప్రతులు, ఉత్తరాలు అక్కడే భద్రంగా ఉన్నాయి. గ్యాలరీ నిశ్శబ్దంగా, చల్లగా ఉంది. ఈ యాత్రలో నేను పదికి పది ఇచ్చేది దీనికే. కాకపోతే ఆ పెట్టెలు తెరిచి చూడాలంటే ముందే రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మేం తీసుకోలేదు. అక్కడి ఉద్యోగిని ఓపిగ్గా కూర్చుని, జాబితాలో ఏ పెట్టె కావాలో ఎలా వెతకాలో మా అమ్మాయికి చూపించింది. మా పిల్ల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో అంతా రాసుకుంది. వేసవి సెలవుల్లో మళ్ళీ వస్తామని చెప్పి వచ్చాం.