హైదరాబాద్ ట్రిప్‌కి ఫ్లాట్ బుక్ చేస్తున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి

బాల్కనీలో వెదురు ఊయల, పసుపు రంగు సోఫా, హాల్లో గోడ నిండా రాగి పళ్లేలు... ఆ ఫ్లాట్ ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. "దుర్గం చెరువు మెట్రోకి ఐదు నిమిషాల నడక, రాత్రిపూట కేబుల్ బ్రిడ్జి లైట్లు ఇంట్లోంచే కనిపిస్తాయి" అని కింద రాసి ఉంటుంది. ఆ ఫ్లాట్ అద్దెకిస్తానని ఫోటోలు పెట్టిన మనిషే నన్ను మోసం చేశాడు. నిన్న రాత్రి నా 17,000 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి తర్వాత. డెబ్బై ఏళ్ల మా అమ్మని రాత్రిపూట గేటు ముందు నిలబెట్టి, ఆవిడ చేత అబద్ధం ఆడించాడు. అది మాత్రం నేను మర్చిపోలేను. ఈ రోజంతా గడిచినా ఇంకా చేతులు వణుకుతున్నాయి. అందుకే తెల్లారేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

దసరా సెలవులకి రాజమండ్రి నుంచి నేను, అమ్మ, ఇద్దరు పిల్లలు బయల్దేరాం. మా ఆయనకి సెలవు దొరకలేదు. అమ్మకి ఎప్పటి నుంచో సాలార్‌జంగ్ మ్యూజియం మళ్లీ చూడాలని ఉంది. అక్కడ గంట గంటకీ లోపల్నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం ఉంటుంది కదా, పెళ్లయిన కొత్తలో నాన్నతో వచ్చినప్పుడు దాని ముందు నేల మీద కూర్చుని చూశారట. పిల్లలకి గోల్కొండ. మూడు రాత్రులు, ఆదివారం తిరుగు ప్రయాణం. హోటల్ గదిలో నలుగురం ఇరుకవుతామని, పొద్దున్నే అమ్మకి కాఫీ పెట్టుకోవడానికి వంటగది ఉంటే బాగుంటుందని ఫ్లాట్ చూశాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు. సికింద్రాబాద్‌లో రైలు దిగి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారక్కర్లేకుండా దుర్గం చెరువులో దిగొచ్చు, స్టేషన్లలో లిఫ్టులుంటాయి. ఆ ఒక్క కారణంతోనే మిగతావన్నీ వదిలేసి దీన్ని ఎంచుకున్నాను.

మొదట యాప్‌లోనే బుక్ చేశాను, రోజుకి 4,500. గంటలో అతని దగ్గర్నుంచి ఫోన్. "మేడం, యాప్ వాళ్లు కమిషన్ లాగేస్తారు. అక్కడ క్యాన్సిల్ చేసి నాకు డైరెక్టుగా కొట్టండి, 4,000కే ఇస్తాను" అన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, వెనక అమ్మ గొంతు వినపడితే "అమ్మమ్మగారా? ఆవిడకి లిఫ్టు పక్క ఫ్లాటే ఇస్తాను, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ మాటకే నేను పడిపోయాను. మూడు రోజులకి 12,000, డిపాజిట్ 5,000 ఫోన్‌పేలో పంపాను. ఎవరికీ ఇలా బయట డబ్బు కట్టొద్దని మా చెల్లెలికి నేనే నాలుగుసార్లు చెప్పి ఉంటాను. పదిహేను వందలు మిగులుతాయని ఆ తెలివి నాకే లేకుండా పోయింది.

అమ్మ అయితే అతని కోసం ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె కట్టించింది. "మంచి కుర్రాడిలా ఉన్నాడు, ఇంటికి వెళ్తూ ఉత్త చేతులతో ఏం వెళ్తాం" అంది. దారంతా ఆ పెట్టె నలిగిపోకుండా ఒళ్లోనే పెట్టుకుంది.

నిన్న గురువారం సికింద్రాబాద్‌లో దిగేసరికి రెండున్నర. ఫోన్ చేస్తే క్లీనింగ్ అవుతోంది, నాలుగింటికి రమ్మన్నాడు. నాలుగింటికి చేస్తే ఆరు అన్నాడు. ఆరింటికి చేస్తే ఎత్తలేదు. ఇంక లాభం లేదని ఏడు దాటాక మెట్రో ఎక్కి దుర్గం చెరువులో దిగి ఫోన్ చేశాను. అప్పుడు చెప్పాడు. "ఆ ఫ్లాట్‌లో గీజర్ పాడైంది మేడం. దానికన్నా పెద్దది, కొత్త టవర్‌లో ఇస్తున్నాను, రేటు అదే" అని లొకేషన్ పంపాడు. చూస్తే కోకాపేట. అక్కడ మెట్రో లేదు. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది. కోకాపేట నుంచి చార్మినార్ వెళ్లాలంటే ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లినట్టే. గీజర్ పాడైతే వేణ్నీళ్లు కాచుకుంటాం, మాకు ఈ ఇల్లే కావాలన్నాను. "తాళం నా దగ్గర లేదు మేడం" అన్నాడు. చిన్నవాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు. వాదించే ఓపిక లేక క్యాబ్ పిలిచాను. ఆఫీసులు వదిలే వేళ ట్రాఫిక్. చేరేసరికి తొమ్మిదింబావు.

క్యాబ్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మేడం చిన్న విషయం. గేటు దగ్గర బుకింగ్ అనే మాట అనొద్దు. ఓనర్ చుట్టాలం అని చెప్పండి. సెక్యూరిటీ వాళ్లు ఊరికే ప్రశ్నలు వేస్తారు." నేను దాన్ని పైకి చదివాను. పైకి చదవకుండా ఉండాల్సింది. అక్కడే క్యాబ్ వెనక్కి తిప్పించాల్సింది. "ఇదేంటే, మనం డబ్బు కట్టాం కదా, చుట్టాలమని ఎందుకు చెప్పాలి" అని అమ్మ అడిగింది. ఇక్కడ ఇలాగే ఉంటుందేమోలే అమ్మా, అన్నాను.

క్యాబ్ అతనికి డబ్బులిచ్చి, పిల్లల్ని దింపి, సామాన్లు తీయిస్తున్నాను. అమ్మ ఈలోపు మెల్లగా గేటు దగ్గరికి నడిచింది. గార్డు చేతిలో ట్యాబ్ ఉంది. "ఎవరింటికమ్మా?" అన్నాడు. అమ్మ నా కోసం వెనక్కి చూసింది. నేను డిక్కీ దగ్గరున్నాను. "మా అక్కయ్య కొడుకు ఇల్లు బాబూ" అంది. "పేరేంటమ్మా?" అన్నాడు. అమ్మకి పేరు తెలీదు. పూతరేకుల పెట్టె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ నిలబడింది. నేను పరుగెత్తుకెళ్లి పేరు చెప్పేసరికే గార్డు ముఖం మారిపోయింది. ఆ పేరు వాళ్లకి బాగా తెలుసు.

అతను లోపలికి ఫోన్ చేస్తే అసోసియేషన్ నుంచి ఒకాయన కిందికి వచ్చాడు. నైట్ ప్యాంటులో, విసుగ్గా. వారంలో ఇది మూడోసారి అన్నాడు. అసలు ఓనర్ అమెరికాలో ఉంటాడట. ఇతను పదకొండు నెలల అగ్రిమెంట్ మీద ఫ్లాట్ అద్దెకు తీసుకుని, ఓనర్‌కి తెలియకుండా రోజువారీ అద్దెలకి తిప్పుతున్నాడట. అసోసియేషన్ నెల క్రితమే నోటీసు ఇచ్చి, అతని పేరు మీద వచ్చేవాళ్లెవర్నీ లోపలికి వదలొద్దని గేటుకి చెప్పేసిందట. అంటే మమ్మల్ని ఆపేస్తారని అతనికి ముందే తెలుసు. ముసలావిడా పిల్లలూ ఉన్నారు కదా, జాలిపడి వదిలేస్తారని పంపాడు.

అయినా ఇది కూడా కాదు నా బాధ. ఆ అసోసియేషన్ ఆయన వెళ్తూ వెళ్తూ అమ్మ వైపు చూసి, "ఈ వయసులో మీరు కూడా అబద్ధాలు చెప్తున్నారేంటమ్మా" అన్నాడు.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. నలభై ఏళ్లు మా వీధిలో పాల లెక్క దగ్గర్నుంచి చీటీ డబ్బుల దాకా ఎవరికి గొడవ వచ్చినా అమ్మ చెప్పిందే సాక్ష్యం. ఆ మనిషి తలొంచుకుని సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది. కొంగుతో పెట్టె మీది దుమ్ము తుడుస్తూనే ఉంది. దాని మీద దుమ్మేమీ లేదు.

నేను అతనికి ఫోన్ చేశాను. ఆరోసారి ఎత్తాడు. జరిగింది చెప్పి, మా డబ్బు మాకు వెనక్కి ఇవ్వమన్నాను. అతనన్న మాట ఇది: "పేరడిగితే టక్కున చెప్పాలి కదా మేడం. మీ అమ్మగారు సరిగ్గా చెప్పలేకపోతే నేనేం చేస్తాను? మీరే లోపలికి వెళ్లలేదు కాబట్టి రీఫండ్ ఉండదు." మర్యాదగానే, అమ్మమ్మగారు అన్నప్పటి గొంతుతోనే అన్నాడు. ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

గార్డుది శ్రీకాకుళం వైపట. అతనే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు, పిల్లలకి మంచినీళ్ల సీసా ఇచ్చాడు, క్యాబ్ దొరికేదాకా పక్కనే నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు అమ్మ ఆ పూతరేకుల పెట్టె అతని చేతిలో పెట్టింది. "నీకు అబద్ధం చెప్పాను బాబూ, మనసులో పెట్టుకోకు" అంది. అతను వద్దు వద్దంటూనే తీసుకున్నాడు. నేను క్యాబ్‌లో ఏడ్చాను. అమ్మ ఏడవలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

లకడీకాపూల్‌లో ఒక మామూలు హోటల్‌లో అర్ధరాత్రికి గది దొరికింది. అదనపు పరుపుతో రోజుకి 2,600. గోడకి రాగి పళ్లేలు లేవు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. కానీ రిసెప్షన్‌లో అబ్బాయి మా పేర్లు రిజిస్టర్‌లో రాసుకుని, సంతకం పెట్టించుకుని, రసీదు ఇచ్చాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఇంకో సంగతి, మేం చూడాలనుకున్నవాటికి ఇదే దగ్గర. ఇక్కడ మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ ఎంజీబీఎస్, అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి, చార్మినార్‌కి ఆటోలో వెళ్లిపోవచ్చు. ఐటీ ఆఫీసులో పనుంటే హైటెక్ సిటీ వైపు ఉండాలి గానీ, పాతబస్తీ చూడ్డానికి వచ్చినవాళ్లకి అదంత మంచి చోటేమీ కాదు. పదిహేను కిలోమీటర్ల పైమాటే. ఫోటోలు చూస్తూ ఊళ్లో ఏది ఎక్కడుందో నేను సరిగ్గా చూసుకోలేదు.

ఈ రోజంతా ఫోన్లతోనే పోయింది. యాప్ కస్టమర్ కేర్ వాళ్లు "మా రికార్డులో బుకింగ్ మీరే క్యాన్సిల్ చేసుకున్నారు" అన్నారు. నిజమే, నా చేత్తో నేనే క్యాన్సిల్ చేశాను. అతనితో మాట్లాడినవన్నీ యాప్ చాట్‌లో కాకుండా వాట్సాప్‌లో ఉన్నాయి, కాబట్టి వాళ్లకి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపినప్పుడు వచ్చే యూటీఆర్ (లావాదేవీ) నంబర్ అన్నీ ఒకచోట పెట్టుకున్నాను. నిన్న రాత్రి గేటు దగ్గరే ఆ ఫోన్ చేసి ఉండాల్సింది. డబ్బు అతని ఖాతాలోంచి కదలకముందే చేస్తేనే ఆపే అవకాశం ఎక్కువని తెలిసి కూడా, తెల్లారేదాకా నాకు తోచలేదు.

ఇంకో భయం కూడా ఉంది. నలుగురి ఆధార్ కాపీలూ అతని దగ్గరున్నాయి. అడగ్గానే పంపేశాను. ఆధార్ సైట్‌లోనే మాస్క్‌డ్ ఆధార్ అని వస్తుంది, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఈసారి ఎవరడిగినా అదే పంపండి.

మీరెవరైనా ఫ్లాట్ తీసుకునేట్టయితే డబ్బు యాప్ బయట కట్టకండి, అదొక్కటి చాలు. బుక్ చేసే ముందు చాట్‌లోనే ఒక్క ప్రశ్న అడగండి: మీ అసోసియేషన్ రోజువారీ గెస్టుల్ని ఒప్పుకుంటుందా, గేటు దగ్గర మా పేరు ముందే పెడతారా అని. జవాబు నీళ్లు నమిలినట్టుంటే వదిలేయండి. చుట్టాలమని చెప్పమన్నారంటే అక్కణ్నుంచే వెనక్కి తిరగండి. మీ పెద్దవాళ్లని గేటు దాకా తీసుకెళ్లకండి.

ఈరోజు శుక్రవారం, మ్యూజియం సెలవు. రేపు పొద్దున్నే అమ్మని తీసుకెళ్తాను. పిల్లలు నిద్రపోయారు. అమ్మ మెలకువగానే ఉంది, "పోన్లేవే, రాసి ఏం లాభం" అంటోంది.

ఇందాక చూశాను, ఆ ఫ్లాట్ ఫోటోలు ఇంకా అలాగే ఉన్నాయి. అదే ఊయల, అదే సోఫా. "దసరాకి ఇంకా రెండు రోజులే ఖాళీ" అని కొత్తగా పెట్టాడు. మీలో ఎవరైనా అతనికి అడ్వాన్స్ కట్టి ఉంటే పొద్దున్నదాకా ఆగకండి, ఇప్పుడే 1930కి చేయండి. నా ఫిర్యాదు నంబర్ కావాలంటే మెసేజ్ పెట్టండి, ఇస్తాను.