ఆక్టాప్యాడ్ పాతబడితే బాగుచేయించడమా, కొత్తది కొనడమా?

పెండ్లిళ్ల సీజన్ దగ్గరపడితే అనంతపురంలో ఆర్కెస్ట్రా వాళ్లు ఇద్దరు కలిసిన చోట పాటల కంటే ప్యాడ్ ముచ్చట్లే ఎక్కువ. ప్యాడ్ అంటే ఆక్టాప్యాడే, కర్రలతో కొడితే రకరకాల వాయిద్యాల శబ్దాలు పలికే ఎలక్ట్రానిక్ పెట్టె. పోయిన వారం మాతో వాయించే పిల్లోడు ఒకడు తన పాత ఎనిమిది ప్యాడ్ల పెట్టెను దుప్పట్లో చుట్టుకొని వచ్చాడు. "అన్నా, మూడోది మెల్లగా కొడితే పలకల్యా. గట్టిగా కొడితే పక్కది కూడా పలుకుతాంది. అమ్మేసి కొత్తది తీసుకుందునా?" అన్నాడు.

ముందు జబ్బు ఎక్కడుందో చూద్దాం అని చెప్పా. ప్యాడ్‌లో దెబ్బలు తినే భాగం వేరు, శబ్దం పుట్టించే బోర్డు వేరు. రబ్బరు, సెన్సర్, జాక్‌లు, బటన్లు పాడైతే బాగుచేయించడమే మేలు. బోర్డు మీద శబ్దాలు దాచుకునే చిప్పు పోతే దాని వెనకాల తిరగడం దండగ. ఆ చిప్పు కోసం ఇంకో చచ్చిన ప్యాడ్‌ను వెతుక్కోవాలి. అది దొరికేలోపు సీజన్ అయిపోతుంది.

వాడి పెట్టె స్క్రూలు విప్పితే కింద ఇత్తడి బిళ్లలు కనిపించాయి. బిళ్ల మీద తెల్లటి సెరామిక్ పూత ఉంటుంది. దెబ్బ తగిలితే అందులో చిన్న వోల్టేజీ పుడుతుంది, అదెంత ఉందో చూసి బోర్డు శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. మూడో బిళ్ల పూత మీద వెంట్రుకంత పగులు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి వేలితో తడితే మిగతా ఏడింటికీ అంకె ఎగిరింది, దీనికి కదిలీ కదలనట్టు ఉంది. అయినా నమ్మకం కోసం మూడో ప్యాడ్ వైరు నాలుగో దానికి, నాలుగో వైరు మూడో దానికి మార్చి చూశాం. జబ్బు బిళ్లతో పాటే వెళ్లింది. అంటే బోర్డు బాగానే ఉన్నట్టు. మార్చినా అదే చోట ఉండిపోతే మాత్రం తప్పు బోర్డుదే.

ఆ బిళ్ల ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో చాలా చవగ్గా దొరుకుతుంది. పాతదాని వ్యాసం కొలిచి అదే సైజు తీసుకోవాలి, వైర్లు ముందే అతికించి ఉన్నదైతే ఇంకా మంచిది. సోల్డరింగ్ ఐరన్‌ను పూత మీద ఎక్కువసేపు ఆనిస్తే కొత్త బిళ్ల కూడా అక్కడే చస్తుంది. కొన్ని ప్యాడ్లలో బిళ్ల బదులు పల్చటి పొరలాంటి సెన్సర్ ఉంటుంది. నొక్కితే దాని రెసిస్టెన్స్ మారుతుంది. దానికి బిళ్ల పనికిరాదు, అలాంటి పొరే కావాలి.

పక్కది పలకడానికి కారణం వేరే. దెబ్బ అదురు పక్కకు పాకకుండా ఆపే స్పాంజి మా ఊరి ఎండలకు అప్పడంలా అయి, ముట్టుకుంటే పొడి రాలింది. చాలామంది స్పాంజి మార్చకుండా సెట్టింగుల్లో త్రెషోల్డ్, అంటే ఎంత గట్టిగా తగిలితే పలకాలనే హద్దు, పెంచేస్తారు. పక్కది పలకడం ఆగుతుంది, నిజమే. దాంతోపాటు తబలా ప్యాచ్‌లో (ప్యాడ్లకు మనం అమర్చుకునే శబ్దాల జట్టు) మెత్తగా వేసే దెబ్బలు కూడా మాయమవుతాయి. తబలా దెబ్బల్లో 'ధా' వినబడి 'న' వినబడకపోతే అది ఏం కెహర్వా తాళం? స్పాంజి మార్చడమే మేలు.

కొత్తది కొంటే సుఖం లేదని కాదు. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన మొదటి ఆక్టాప్యాడ్, ప్యాడ్-8కి సొంత శబ్దాలే లేవు, మిడి వైరుతో (వాయిద్యాల మధ్య సంకేతాలు మోసే వైరు) శబ్దాలు పుట్టించే వేరే పెట్టెకి, అంటే సౌండ్ మాడ్యూల్‌కి కలపాలి. 1998లో ఎస్‌పీడీ-20 మోడల్ వచ్చేసరికి లోపలే 700 శబ్దాలు. 2010 నాటి ఎస్‌పీడీ-30లో అయితే మనం చేసుకున్న ప్యాచ్‌లన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసం కొత్తది కొన్నా తప్పనను, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ అలాంటిది. ఒకసారి ఒక మెకానిక్ బటన్ బాగుచేసి, "ఫ్రెష్‌గా ఉంటుందన్నా" అని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఇచ్చాడు. ఏళ్ల తరబడి చేసుకున్న ప్యాచ్‌లన్నీ పోయాయి. ఆ రాత్రే ఫంక్షన్. డప్పు మోత కావాల్సిన చోట ఏదో కాంగా డ్రమ్ము శబ్దంతో నెట్టుకొచ్చా. అందుకే పాతది రిపేరుకు ఇచ్చే ముందు మిడి వైరుతో ప్యాచ్‌లను కంప్యూటర్‌లోకి దించుకోండి.

ఇంకో దారి, పాత ప్యాడ్‌ను ల్యాప్‌టాప్‌కి కలిపి శబ్దాలు అందులోంచి తీయడం. ఇంట్లో రికార్డింగుకు ఇదే అన్నిటికంటే మంచిది. షామియానా కింద మాత్రం వద్దు. దుమ్ము, జనరేటర్ కరెంటు, పైగా దెబ్బకీ శబ్దానికీ మధ్య ఆలస్యం. అది కొంచెమే అయినా చెయ్యి తడబడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అడాప్టర్ సంగతి చూసుకోవాలి. రోలాండ్ తొమ్మిది వోల్టుల అడాప్టర్లలో పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది. బజారులో దొరికే మామూలువాటిలో ఎక్కువగా మధ్యలో ప్లస్. పిన్ను సరిపోయింది కదా అని గుచ్చితే బాగున్న బోర్డు కూడా పోవచ్చు. అడాప్టర్ మీద ప్లస్, మైనస్ ఎటున్నాయో చూపే గుండ్రాల బొమ్మ ఉంటుంది, దాన్ని ప్యాడ్ వెనక ఉన్న బొమ్మతో పోల్చి చూశాకే పెట్టాలి.

పిల్లోడి ప్యాడ్‌కు బిళ్ల, స్పాంజి, ఒక మధ్యాహ్నం పట్టాయి. ప్యాచ్ మార్చే బటన్ ఇంకా రెండుసార్లు నొక్కితే గానీ పలకదు. సీజన్ అయ్యాక చూద్దాంలే అన్నాడు.