ఈగల్, బ్రిడ్జ్, ఫోల్డర్లు: పేరుకుపోయిన డిజైన్ ఫైళ్లకు ఏది మేలు?

విజయవాడ గవర్నర్‌పేటలోని మా డిజైన్ షాపుకు వచ్చే తోటి డిజైనర్లు, ఆల్బమ్ పని చేసే ఫొటోగ్రాఫర్లు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఏళ్ల తరబడి పేరుకుపోయిన పీఎస్‌డీలు (ఫొటోషాప్ ఫైళ్లు), వెనక భాగం తీసేసిన పీఎన్‌జీ కటౌట్లు, వెక్టర్ బోర్డర్లు, 12 బై 36 ఆల్బమ్ షీట్లు, దేవుళ్ల బొమ్మలు అన్నింటినీ ఒక దారికి తేవాలంటే బొమ్మల ఫైళ్లను సర్దిపెట్టే ఈగల్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం మేలా, అదే పనికి అడోబీ బ్రిడ్జ్ సరిపోతుందా, ఏదీ అక్కర్లేకుండా ఫోల్డర్లనే శుభ్రంగా సర్దుకుంటే చాలదా? పోయిన వేసవిలో పని పలచగా ఉన్న రోజుల్లో నా దగ్గరున్న 60,000 పైచిలుకు ఫైళ్లను సర్దడానికి ఈ మూడింటినీ వరుసగా వాడి చూశాను కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

సర్దుకోవాలన్న బుద్ధి అంతకు ముందటి దసరాకు పుట్టింది. ఉత్సవాలు ఇంకో వారముందనగా రాత్రి తొమ్మిదిన్నరకు వన్‌టౌన్ నుంచి ఒక కమిటీ వాళ్లు వచ్చి, "అన్నా, పోయినేడు వేసిన అన్నపూర్ణమ్మ ఫ్లెక్సీయే వెయ్యి, కింద పేర్లు మారిస్తే చాలు" అన్నారు. పది నిమిషాల పని అనుకుని కూర్చుంటే, ఆ ఫైలు దొరకడానికే గంటంబావు పట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో అన్నపూర్ణ అని కొడితే ఏమీ రాలేదు, పూ దగ్గర యు తీసి రెండు ఓలు పెడితే ఒక హోటల్ మెనూ బోర్డు వచ్చింది. చివరికి మా కుర్రవాడు, "అన్నా, అది అమ్మవారు ఫోల్డర్‌లో లేదు, మీ డెస్క్‌టాప్ మీద న్యూ ఫోల్డర్ 3లో ఉంది" అని చూపించాడు. ఫైలు పేరు అన్‌టైటిల్డ్ 1 కాపీ ఫైనల్.

ఫోల్డర్ల పద్ధతితో మొదలుపెడతాను. దీనికి పైసా ఖర్చు లేదు, ఎవరికీ నేర్పనక్కర్లేదు, పదేళ్ల తరువాత ఏ కంప్యూటర్‌కు తగిలించినా డిస్క్ అలాగే తెరుచుకుంటుంది. దానికి తోడు ఎవ్రీథింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే, అది ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ మామూలుగా వాడే పద్ధతి) డిస్క్‌లోని ఫైళ్ల పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి, లక్ష ఫైళ్లున్నా పేరు టైపు చేస్తుండగానే జవాబు కళ్లముందుంటుంది. అయితే అది వెతికేది పేరునే కాబట్టి, పేరు పెట్టడంలో మన క్రమశిక్షణ ఎంతో దాని ఉపయోగమూ అంతే. అసలు ఇబ్బంది మరొకటి ఉంది. మామిడాకులు, కొబ్బరికాయతో ఉన్న ఒక కలశం పీఎన్‌జీ పెళ్లి శుభలేఖకూ కావాలి, గృహప్రవేశానికీ కావాలి, శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతానికీ కావాలి. ఫోల్డర్ ఒకటే చోటిస్తుంది గనుక మూడు చోట్లా కాపీ చేస్తాం. ఆ తరువాత కొబ్బరికాయ అంచున మిగిలిన తెల్లటి గీతను ఒక కాపీలో చెరిపి, మిగిలిన రెండింటినీ మరిచిపోతాం. నా దగ్గర అదే కలశం పదకొండు చోట్ల తేలింది, వాటిలో శుభ్రంగా కోసినవి రెండే. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే విండోస్‌లో దారి పొడవుకు మామూలుగా ఉండే 260 అక్షరాల హద్దు కూడా ఒకనాడు అడ్డం పడుతుంది.

ఈగల్‌ను మెచ్చుకోకుండా ఉండలేను. వాడుతున్నంతసేపు మూడింటిలో మనసుకు హాయినిచ్చింది అదే. బొమ్మలన్నీ గోడకు అంటించినట్టు కనిపిస్తాయి, ఒకే బొమ్మకు ఎన్ని ట్యాగులైనా (వెతకడానికి తగిలించే గుర్తు మాటలు) ఇవ్వవచ్చు, ఉన్న బొమ్మనే మళ్లీ చేర్చబోతే హెచ్చరిస్తుంది, బ్రౌజర్‌లో నచ్చిన బొమ్మను లాగి నేరుగా అందులో పడేయవచ్చు. రంగును బట్టి వెతికే సదుపాయం మా పనికి చక్కగా అతుకుతుంది. పసుపు రంగు ఎంచుకుంటే పసుపు ప్రధానంగా ఉన్న బోర్డర్లన్నీ వరుసగా నిలబడ్డాయి, వాటిలో ఓణీల ఫంక్షన్ కోసం నాలుగేళ్ల కిందట చేసి పూర్తిగా మరిచిపోయిన బంతిపూల అంచు ఒకటి ఉంది. దానికి కట్టే డబ్బు కూడా నెలనెలా చందాగా కాకుండా ఒక్కసారితో తీరిపోతుంది.

ఇన్ని సుగుణాలున్నా నేను దాన్ని ప్రధాన భాండాగారంగా ఎందుకు పెట్టుకోలేదో చెప్పాలంటే, ఈ మొత్తం వ్యవహారంలో నా దృష్టిలో నిర్ణయాత్మకమైన ప్రశ్నకు రావాలి. మనం కష్టపడి పెట్టిన ట్యాగు ఎక్కడ నివసిస్తుంది? ఫైలు లోపలా, సాఫ్ట్‌వేర్ తాలూకు ఖాతాపుస్తకంలోనా? కొన్నేళ్ల కిందట నేను వేరే ఒక కేటలాగ్ సాఫ్ట్‌వేర్‌లో రోజుకు గంట చొప్పున నాలుగు నెలలు కూర్చుని వేల ఫైళ్లకు ట్యాగులు పెట్టాను. ఫైళ్లు డి డ్రైవ్‌లో ఉన్నాయి, ఆ ట్యాగుల డేటాబేస్ మాత్రం నాకు తెలియకుండానే సి డ్రైవ్‌లో ఉంది. ఒకరోజు విండోస్ మొరాయిస్తే, సి ఒక్కటే ఫార్మాట్ చేస్తున్నాం కదా అన్న ధీమాతో నేనే దగ్గరుండి చేయించాను. ఫైళ్లు ఒక్కటి కూడా పోలేదు, నాలుగు నెలల పని మాత్రం మిగల్లేదు. తప్పు నాదే. కానీ ఆ రోజు నుంచి ఏ సాఫ్ట్‌వేర్ చూసినా నేను మొదట వెతికేది ఈ సంగతినే.

ఈగల్ ఆ డేటాబేస్ అంత ప్రమాదకరమైనది కాదని ఒప్పుకోవాలి. అది మన ఫైళ్లను తన లైబ్రరీ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, ఒక్కో బొమ్మకు ఒక్కో చిన్న ఫోల్డర్ కట్టి, ట్యాగులను ఆ పక్కనే జేసన్ అనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి ఉంచుతుంది కాబట్టి, లైబ్రరీ ఫోల్డర్ మొత్తం భద్రంగా ఉన్నంతకాలం ట్యాగులూ భద్రమే. చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది, అసలు ఫైళ్లను కూడా ఉంచుకుంటే డిస్క్‌లో చోటు రెట్టింపు పడుతుంది. రెండోది, ఆ లైబ్రరీని ఈగల్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని అక్షరాల పేర్లతో వేల ఫోల్డర్లు కనిపిస్తాయే తప్ప, కలశం ఎక్కడో శుభలేఖ ఎక్కడో తెలియదు. అందులోంచి ఒక బొమ్మను బయటికి తీసి ప్రింటింగ్ ప్రెస్సుకు పంపితే, మనం పెట్టిన ట్యాగులు దాని వెంట వెళ్లవు.

అడోబీ బ్రిడ్జ్ ఇందుకు పూర్తిగా భిన్నమైన దారిలో నడుస్తుంది. ఫైళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. కీవర్డ్ (ఇక్కడ ట్యాగుకు పేరు అదే) పెడితే, ఫైలు వివరాలను ఆ ఫైలులోనే రాసే ఎక్స్ఎంపీ రూపంలో, పీఎస్‌డీ, జేపెగ్, పీఎన్‌జీ, ఇలస్ట్రేటర్ ఏఐ ఫైళ్ల కడుపులోకే చేరుతుంది. ఎక్స్ఎంపీని అడోబీ 2001లో తెచ్చింది, 2012లో అది ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది కాబట్టి, బ్రిడ్జ్‌లో పెట్టిన మాటను ఫొటోలు సర్దే లైట్‌రూమ్ చదువుతుంది, అలాంటిదే అయిన డిజికామ్ చదువుతుంది. రేపు బ్రిడ్జ్ కనుమరుగైనా మాట ఫైలులోనే ఉంటుంది. ఫొటోషాప్ చందా లేనివారికి కూడా, అడోబీ ఖాతా ఒకటి తెరుచుకుంటే, ఇది ఉచితమే. గుంపుగా పేర్లు మార్చే బ్యాచ్ రీనేమ్‌లో, పాత పేరును ఎక్స్ఎంపీలో భద్రపరచమని చెప్పే ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టడం మరవవద్దు. రెండేళ్ల తరువాత ఏ కస్టమరో పాత ఫైలు పేరు చెప్పుకుంటూ వస్తే అదే ఆదుకుంటుంది.

దీని లోపాలూ తక్కువేమీ కావు. వేల పీఎస్‌డీలున్న ఫోల్డర్‌ను మొదటిసారి తెరిస్తే బొమ్మలన్నీ పైకి తేలేసరికి టీ తాగి రావచ్చు. మా ఊళ్లో సగం పని నడిచే కోరల్‌డ్రా సీడీఆర్ ఫైళ్లతో దానికి పొత్తు కుదరదు. అందుకే ప్రతి సీడీఆర్ పక్కన అదే పేరుతో ఒక జేపెగ్ తీసి పెట్టి, ట్యాగులు ఆ జేపెగ్‌కు ఇస్తున్నాను. ట్యాగు ఫైలులోకే వెళ్లడం వల్ల ఒకటిన్నర జీబీ పీఎస్‌డీకి ఒక్క మాట చేర్చినా దాని తేదీ మారుతుంది, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలంతటినీ మళ్లీ కాపీ చేస్తుంది. బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ట్యాగులన్నీ రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితేనే నిలుస్తాయి. ఈ లోపాలన్నీ మన సమయాన్ని తింటాయే గాని, చేసిన పనిని తినవు. నేను బ్రిడ్జ్ వైపు మొగ్గడానికి ఈ ఒక్క తేడా చాలింది.

మిగిలినవాటి గురించి నాలుగు మాటలు చాలు. డిజికామ్ పూర్తిగా ఉచితం, ఒకే పోలికలున్న బొమ్మలను పట్టుకోవడంలో దిట్ట, కాని అది ఫొటోల కోసం పుట్టినదని వాడిన పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఆ పదకొండు కలశాలను పట్టిచ్చింది మాత్రం అదే. లైట్‌రూమ్ క్లాసిక్ పెళ్లి ఫొటోగ్రాఫర్లకు సరే, ఏఐ, సీడీఆర్ ఫైళ్లను అది దగ్గరికి రానివ్వదు. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ, మెయిలుతో, ఫొటోలతో కలిపి, మాకు ఒక్క దసరా సీజన్‌కు కూడా చాలదు.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా తప్పని పని ఒకటుంది, అది మాటల జాబితా. శ్రద్ధాంజలి అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే మా షాపులో ముగ్గురం మూడు రకాలుగా రాశాం. ఎస్ తరువాత హెచ్ ఉందా, డి ఒకటా రెండా అన్న మీమాంస తెగేది కాదు. అందుకని ట్యాగులన్నీ తెలుగు లిపిలోనే, యూనికోడ్‌లో పెడుతున్నాం. డీటీపీ అలవాటున్నవారు ఇక్కడ ఒకటి గమనించాలి. ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన అక్షరాలు యూనికోడ్ కావు, వాటిని ట్యాగులో అతికిస్తే పిచ్చిగీతలే కనబడతాయి. మా జాబితాలో ఇప్పుడు నూట ఎనభై దాకా మాటలున్నాయి. అమ్మవారు అన్న మాట కింద బాలాత్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, సరస్వతి అంటూ అలంకారాలు పిల్ల మాటలుగా ఉంటాయి. బ్రిడ్జ్‌లో ఈ జాబితాను మామూలు టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసి, పక్క కంప్యూటర్‌లోకి దిగుమతి చేసుకోవచ్చు కాబట్టి, కుర్రవాళ్లు ఉన్న మాటను ఎంచుకుంటారే తప్ప కొత్తది కల్పించరు.

ఒక్కరే కూర్చుని పనిచేసే ఇలస్ట్రేటర్లకు, ఇంటర్నెట్‌లో కనిపించిన రిఫరెన్సు బొమ్మలు పోగుచేసుకునేవారికి ఈగల్ కొనుక్కోమనే చెబుతాను. నలుగురు చేతులు పెట్టే షాపుకు, ప్రెస్సుకు ఫైళ్లు వెళ్లి వచ్చే పనికి బ్రిడ్జ్ మేలు. రెండు వేల ఫైళ్ల లోపు ఉన్నవారు ఫోల్డర్లు, ఎవ్రీథింగ్‌తో సరిపెట్టుకోవచ్చు, ఈ వ్యాసం కూడా వారికి అక్కర్లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా మిత్రుడి సీపీయూ, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే నీళ్లలో మునిగాయి. ఆ తరువాత నేను రెండో కాపీని ఊళ్లో ఉంచడం మానేశాను. నెలకొకసారి, ఆదివారం పొద్దున్న, డిస్క్‌ను సంచిలో వేసుకుని గుంటూరు బస్సెక్కి బ్రాడీపేటలో మా బావమరిది ఇంట్లో ఇచ్చి, కిందటి నెల డిస్క్ తీసుకువస్తాను. పోయిన నెల అతని కూతురు తన లాప్‌టాప్‌లో ఆ డిస్క్ తెరిచి, డిజికామ్‌లో తెలుగులో "కలశం" అని కొట్టి, స్కూలు ప్రాజెక్టుకు కావలసిన బొమ్మ తనే తీసుకుందట.