మోషన్ టెస్ట్ కోసం వెళ్ళిన శ్రీకాకుళం చిన్న ల్యాబ్, ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉన్నోళ్ళు చదవండి

మాది ఉద్దానం. నాన్నకి రెండేళ్ళుగా డయాలసిస్, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మొన్న వానల్లో నీళ్ళ మోషన్స్ పట్టుకుని మూడు వారాలైనా తగ్గలేదు. మెడికల్ షాపులో నులిపురుగుల మాత్ర తెచ్చి వేశాం, ఏం లాభం లేదు. ఓ పెద్ద ల్యాబ్ వాళ్ళు ఇంటికొచ్చి ఒక్కటంటే ఒక్క శాంపిల్ పట్టుకెళ్ళి సాయంత్రానికల్లా ఏమీ లేదని రిపోర్ట్ పంపేశారు, డయాలసిస్ పేషెంట్ అని చెప్పినా పట్టించుకోలేదు. ఇక్కడేమో మిషన్ ఎక్కించగానే బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం. మోషన్స్‌లోనే నీళ్ళన్నీ పోయి డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) కన్నా తగ్గిపోయిన మనిషి ఒంట్లోంచి మిషన్ ఇంకా నీరు లాగితే ఏమవుద్ది మరి.

మా సెంటర్ సిస్టరే ఈ చిన్న ల్యాబ్ సంగతి చెప్పారు. అక్కడాయన ముందు అడిగిన మాట "డయాలసిసా, ట్రాన్స్‌ప్లాంటా?" అని. కిడ్నీ పోయినోళ్ళకి ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువ, మామూలు పరీక్షలో కనపడని పరాన్నజీవులు ఉంటాయమ్మా, మూడు వేరు వేరు రోజులవి తేవాలి అన్నారు. మూతకే చెంచా ఉన్న డబ్బాలు మూడు ఇచ్చారు. రెండో శాంపిల్లో దొరికింది, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించారు, ఆకుపచ్చ మీద గులాబీ రంగు గుండ్రటి చుక్కలు. దానికి వేరే రంగు వేసి చూడాలంట, లేకపోతే కనపడకుండా పోద్దంట. ఆ చుక్కలు చూస్తే ఏడుపొచ్చింది, మూడు వారాలు మనిషిని పీల్చేసింది ఇదా అని.

రిపోర్ట్ చూసి డాక్టర్ గారు నైటజాక్సనైడ్ అనే మందు రాశారు, ఇప్పుడు నాన్న పెరుగన్నం తింటున్నారు. నీళ్ళలో క్లోరిన్ కలిపినా ఇది చావదంట, తెర్ల కాగించాల్సిందే, డయాలసిస్ వల్ల నాన్నకి నీళ్ళిచ్చేది రోజుకి లీటరే కాబట్టి మాకు పెద్ద పనేం కాదు.

ఈ ల్యాబ్‌కీ లోపాలున్నాయి, ఇంటికి రారు, కూర్చోడానికి రెండే కుర్చీలు, రిపోర్ట్ మర్నాడు గానీ రాదు. అయినా నేను ఐదు స్టార్లూ ఇస్తాను. ఉదయం ఎనిమిదిలోపు వెళ్ళండి, రంగు వేసి చూసే ఆయన ఒక్కరే, పదకొండు దాటితే ఉండరు.