పదకొండో వీధి రైలు: సౌత్ షోర్ లైన్‌లో ఇన్నేళ్ల తర్వాత

ఇండియానా రాష్ట్రంలోని మిషిగన్ సిటీ నుంచి చికాగో ఆఫీసుకి 2017 నుంచి సౌత్ షోర్ లైన్ అనే ఈ కరెంటు రైల్లోనే వెళ్తున్నాను, కరోనా రెండేళ్లు తీసేస్తే. టికెట్లు, సీట్ల సంగతి అందరికీ తెలిసిందే. నాకు చెప్పాలని ఉన్నది పదకొండో వీధి గురించి.

2022 దాకా ఈ రైలు మా ఊళ్లో నడివీధిలోంచి వెళ్లేది. ఇళ్ల వాకిళ్ల ముందు నుంచి, కార్లతో పాటు. స్టేషన్‌కి ప్లాట్‌ఫాం లేదు, ఫుట్‌పాత్ మీద నిలబడేవాళ్లం. రైలొచ్చి రోడ్డు మధ్యలో ఆగితే వెనక కార్లూ ఆగేవి. కండక్టర్ తలుపు దగ్గరున్న ఇనుప పలక పైకెత్తితే కింద మెట్లు కనిపించేవి. తారు రోడ్డు మీంచి ఆ మెట్లెక్కి రైల్లోకి వెళ్లడం నాకు ఎన్నేళ్లైనా పాతబడలేదు.

2019లో నాన్న వచ్చారు. రైల్వేలోనే చేసి రిటైర్ అయ్యారు, ఉద్యోగం మొదట్లో కొన్నేళ్లు బొంబాయి వైపు ఉన్నారు. ఎదురింటావిడ గుమ్మం ముందు ఆకులు ఊడుస్తోంది. వీధి మలుపు తిరిగి రైలు మా మీదికే వస్తుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. రైలు ఆగింది. ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఒరే, ఇది ట్రామా, రైలా?" అన్నారు నాన్న. ఎక్కి కూర్చున్నాక రెండో ప్రశ్న, "తీగలో ఎంత వోల్టేజీ?" 1926 నుంచి 1,500 వోల్టుల డీసీ కరెంటు అని ఫోన్లో చూసి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. 1925లో బొంబాయిలో మన దేశపు మొదటి కరెంటు రైలు నడిచింది కూడా 1,500 డీసీ మీదేనట. చికాగో వచ్చేదాకా ఇక అదే కబురు.

ఆయన ప్రశ్నల పుణ్యమా అని నేనూ చదివాను. ఒకప్పుడు ఇండియానా అంతా ఊళ్లని కలుపుతూ ఇలాంటి కరెంటు రైళ్లే. ఇండియానాపొలిస్‌లో 1904లో కట్టిన టెర్మినల్‌లోకి తొమ్మిది లైన్ల పట్టాలు వచ్చేవి. కార్లు, మంచి రోడ్లు వచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాది మిగలడానికి కారణాలు రెండు: 1925లో చికాగో కరెంటు కంపెనీల అధిపతి శామ్యూల్ ఇన్సల్ కొని చాలావరకు కొత్తగా కట్టించడం, దారిలో ఉన్న గారీ అనే ఊరి వైపు ఉక్కు ఫ్యాక్టరీల వల్ల సరుకు రవాణా దొరకడం.

అప్పట్లో ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ వీధి రైలు చూపించి తెగ పొగిడేవాణ్ణి. ఇప్పుడు కొంచెం తగ్గిస్తాను. అప్పుడున్నది ఒకటే లైను, ఎవరో కారు పట్టాలకి అడ్డంగా ఆపితే రైలు కూడా ఆగాల్సి వచ్చేది. పొద్దున మీటింగ్ ఉన్న రోజు ఆ టెన్షన్ నాకు తెలుసు. 2022లో వీధి పట్టాలు తీసేశారు, కొన్ని ఇళ్లు కూడా పోయాయి. 2024 నుంచి గారీ దాకా రెండు లైన్లు, రోడ్డుకి విడిగా. ప్రయాణ సమయం తగ్గింది. ఈసారి వచ్చినప్పుడు మోకాళ్ల నొప్పులతో ఉన్న నాన్న ఎత్తు ప్లాట్‌ఫాం మీంచి నేరుగా లోపలికి నడిచారు. అది చూశాక పాతదే బాగుందని అనలేకపోయాను. అయినా పదకొండో వీధిలో నడుస్తుంటే ఇప్పటికీ బెంగగానే ఉంటుంది.

మా ఆఫీసు చికాగోలో ఈ రైలు ఆఖరి స్టేషన్ అయిన మిలీనియం స్టేషన్ నుంచి నడిచే దూరం, అందుకే నాకు కుదిరింది. చికాగోకి పడమటి వైపు ఉద్యోగమైతే ఈ రైలు తీసుకోమని చెప్పను. అరోరా బాలాజీ గుడికి మేమూ కార్లోనే వెళ్తాం. చికాగో నుంచి అరోరాకీ ఇలాంటి రైలే ఉండేది, 1957లో ప్రయాణికులని ఎక్కించుకోవడం ఆపేసింది. ఆ పట్టాల దారి ఇప్పుడు నడకదారి. పోయినసారి దర్శనం అయ్యాక నాన్నా నేనూ దాని మీద మెల్లగా కొంత దూరం నడిచాం. తీగ స్తంభాలు ఎక్కడైనా మిగిలాయేమోనని ఆయన చెట్ల మధ్య వెతుకుతూనే ఉన్నారు.