మాటలకు అక్షరమాల ఫ్లాష్ కార్డులు: పెట్టెలో ఉంచేవెన్ని, తీసేసేవెన్ని

స్టేషనరీ దుకాణాల్లో దొరికే తెలుగు అక్షరమాల కార్డుల పెట్టెను డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే, మాట, ఎదుగుదల ఆలస్యమయ్యే జన్యు స్థితి) ఉన్న పిల్లలకు మాటలు నేర్పడానికి కొంటుంటారు. ఆలోచన మంచిదే. వీళ్ళకు విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది. అన్న మాట ఆ క్షణంలోనే పోతుంది, బొమ్మ కళ్ళెదుటే ఉంటుంది.

చిక్కంతా మాటల ఎంపికలోనే. ఇవి అక్షరాల కోసం చేసిన కార్డులు. ఋకి ఋషి, ఐకి ఐరావతం, ఔకి ఔషధం. ఇప్పుడిప్పుడే మాటలు నేర్చే పిల్లలకు వీటితో ఏం పని? రోజంతా కావలసిన "ఇంకా", "వద్దు", "ఇవ్వు", "రా", "ఎత్తుకో" వెతికినా కనిపించవు. వస్తువుల పేర్లు ఎన్ని వచ్చినా, ఇవి లేకపోతే అడగడం రాదు. అక్షరాల వయసుకు ఈ పెట్టెకు 5కి 4 ఇవ్వొచ్చు, మాటల వయసుకు 2 మాత్రమే.

అమ్మ, ఇల్లు, ఆవు లాంటివి ఉంచి మిగతావి దాచేయండి. పాప గ్లాసు, నాన్న, పక్కింటి కుక్క ఫొటోలు ప్రింటు తీయించి, కింద పదం పెద్దగా రాయండి. పల్చటి కార్డును పొట్టి వేళ్ళతో, పట్టు తక్కువున్న చేతులతో తీయడం కష్టం, అందుకే దళసరి అట్టకు అంటించాలి. మెరిసే లామినేషన్ వద్దు. వీళ్ళలో చూపు సమస్యలు ఎక్కువ, బొమ్మ మీద వెలుగు పడితే అసలే కనిపించదు.

ఒక విడతకు 4 కార్డులు చాలు, ఒక్కోటి రెండేసి ప్రతులు. ముందు జత చేయించాలి. తర్వాత "బంతి ఏది?" అంటే చూపించాలి. "ఇదేంటి?" అన్నది ఆఖరున. చాలా ఇళ్ళలో మొదటి రోజే ఆ ప్రశ్నతో మొదలుపెడతారు, పిల్లలు బిగుసుకుపోతారు. వీళ్ళకు అర్థం కావడం ముందు, పలకడం చాలా వెనక. కార్డును మీ నోటి పక్కన పట్టుకుంటే పెదాల కదలిక కనిపిస్తుంది. ప, బ, మ మాటలతో మొదలుపెట్టడం అందుకే తేలిక. అన్నాక 10 సెకన్లు ఆగండి. మాటతోపాటు చేతి సైగ కూడా చూపండి, దానివల్ల మాట ఆలస్యం కాదు. "పాలు" అన్నప్పుడు "పాలు కావాలి" అని ఒక్క మాటే కలిపి తిరిగి అనండి.

వారాల తరబడి చూపించినా కదలిక లేకపోతే కార్డులు మార్చేముందు వినికిడి పరీక్ష చేయించండి. చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే గొట్టం సన్నగా ఉండి కర్ణభేరి వెనక నీరు చేరడం వీళ్ళలో మామూలు. జలుబు చేసిన వారం సరిగా వినబడకపోవచ్చు, ఆ నీరు తగ్గాక వినబడుతుంది. "నిన్న అన్నాడు, ఇవాళ అనడం లేదు" అంటే మొండితనం అనుకోకండి. తొలి ఏళ్ళలో 6 నెలలకోసారి ఆ పరీక్ష తప్పదు.