జూలియాలో ప్యాకేజీ లోడ్ కాకపోతే: క్యాష్ తుడిచేయాలా, కారణం చూడాలా?

మధురవాడలో మా గదిలో ఉండేది ఇద్దరం, వైద్యాలూ రెండు. జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీ (రెడీమేడ్ కోడ్ కట్ట) లోడ్ కాకుండా మొండికేస్తే మావాడు నేరుగా '.జూలియా' ఫోల్డర్‌లోని 'కంపైల్డ్' మొత్తం, అంటే ముందే కంపైల్ చేసి దాచుకున్న ఫైళ్ల క్యాష్ అంతా, డిలీట్ చేస్తాడు. బుర్ర పెట్టక్కర్లేదు, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కాకపోతే అన్నీ మళ్లీ కంపైల్ కావాలి. 2023లో వచ్చిన 1.9 వెర్షన్ నుంచి నేటివ్ కోడ్ (ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్) కూడా క్యాష్‌లో చేరుతోంది కాబట్టి ఇంకాస్త ఆలస్యం. ఈలోపు రుషికొండ బీచ్‌కి వెళ్లి రావచ్చు!

నేనైతే 'జూలియా డీబగ్' (JULIA_DEBUG) అనే, బయటి నుంచి సెట్టింగ్ ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 'లోడింగ్' అని ఇచ్చి మళ్లీ నడుపుతాను. ఏ క్యాష్ ఫైల్‌ను ఎందుకు పక్కనపెట్టిందో జూలియాయే చెబుతుంది: సోర్స్ మారిందనో, ఆధారపడిన ప్యాకేజీ బిల్డ్ వేరనో, స్టార్టప్ ఆప్షన్లు కలవలేదనో. ఆ లాగ్ చదవడం విసుగే. కానీ అసలు తప్పు ప్రాజెక్ట్ సెటప్‌లో ఉంటే, తుడిచినా రేపు మళ్లీ అదే గోల. క్యాష్ ఫైలే పాడైపోతే మాత్రం మావాడి పద్ధతే రైటు.